‘అమెరికాలో కొత్త చట్టం’ అన్న వార్తను ఎలా చదవాలి?

2025 మే నెలలో, అమెరికాలో ఉన్నవారు స్వదేశానికి పంపే డబ్బుపై 5 శాతం పన్ను పడబోతున్నదన్న వార్త వచ్చింది. నెల తిరగకముందే అది 3.5 శాతమైంది. జూలై 4న అధ్యక్షుడు సంతకం చేసే నాటికి 1 శాతానికి దిగింది. అది కూడా నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటి రూపాల్లో పంపినప్పుడే తప్ప, అక్కడి బ్యాంకు ఖాతా నుంచి పంపితే వర్తించదని తేలింది. కొడుకో కూతురో పంపే సొమ్ములో ఇరవయ్యో వంతు పోయినట్టేనని మే నెలలోనే లెక్క కట్టుకున్నవారికి ఆ మూడు వార్తల్లో ఏది నిజమో అర్థం కాలేదు. మూడూ నిజమే. ఆ బిల్లు ఎన్ని గడపలు దాటింది, ఇంకా ఎన్ని దాటాలి అన్నది మాత్రం చాలా వార్తల్లో లేదు. ఆ గడపలను లెక్కపెట్టడం తెలిస్తే అమెరికా ప్రభుత్వం పనిచేసే తీరు చాలావరకు తెలిసినట్టే. ఆ లెక్క ఎలా వేయాలో కింద వరసగా చూద్దాం.

మొదటి పని: మన పార్లమెంటు పద్ధతిని పక్కన పెట్టండి

మన దేశంలో లోక్‌సభలో మెజారిటీ ఉన్నవారే ప్రభుత్వం నడుపుతారు కాబట్టి, మంత్రివర్గం ఆమోదించిన బిల్లు సాధారణంగా గట్టెక్కుతుంది. అదే అలవాటుతో అమెరికా వార్తలను చదివితే తప్పులో కాలేస్తాం. అక్కడ అధ్యక్షుడు చట్టసభలో సభ్యుడు కాదు. తనంతట తాను బిల్లు ప్రవేశపెట్టలేడు. ఎవరో ఒక సభ్యుడు ఆ పని చేసిపెట్టాలి. ఆయన మంత్రులుగా ఉన్నవారు చట్టసభలో సభ్యులుగా ఉండకూడదని రాజ్యాంగమే చెబుతుంది. ప్రభుత్వం తెచ్చిన బిల్లు వీగిపోయినా ప్రభుత్వం పడిపోదు, ఎందుకంటే అక్కడ అవిశ్వాస తీర్మానం అన్నదే లేదు. అభిశంసన ఉన్నది గానీ, సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి కనుక ఇంతవరకు ఏ అధ్యక్షుడూ ఆ దారిలో పదవి కోల్పోలేదు.

కొన్ని మాటలు మనల్ని ప్రత్యేకంగా తికమకపెడతాయి. అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, చట్టసభ. సెక్రటరీ అంటే ఐఏఎస్ అధికారి కాదు, మంత్రి. గవర్నరు అంటే కేంద్రం పంపే పెద్దమనిషి కాదు, ప్రజలు నేరుగా ఎన్నుకునే, మన ముఖ్యమంత్రితో పోల్చదగిన వ్యక్తి. స్పీకరు తటస్థంగా ఉండాలన్న సంప్రదాయం కూడా అక్కడ లేదు. ప్రతినిధుల సభలో మెజారిటీ పార్టీకి నాయకుడే ఆయన. 2023 జనవరిలో కెవిన్ మెకార్థీ 15 విడతల ఓటింగు తర్వాత ఆ కుర్చీ ఎక్కి, అదే ఏడాది అక్టోబరులో సొంత పార్టీవారు ఎనిమిది మంది ఎదురుతిరగడంతో దిగిపోయారు.

పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా లేదన్నది అన్నింటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలోని ముఖ్యమైన అంశాలను తొలగించే బిల్లు 2017 జూలైలో సెనేట్‌లో ఓటింగుకు వచ్చినప్పుడు, అధికార రిపబ్లికన్ పార్టీకే చెందిన జాన్ మెకెయిన్ అర్ధరాత్రి దాటాక సభ మధ్యలోకి నడిచివచ్చి బొటనవేలు కిందికి తిప్పారు. బిల్లు 49–51 తేడాతో వీగిపోయింది. మన దగ్గర విప్‌ను ధిక్కరించి అలా ఓటు వేస్తే సభ్యత్వానికే ముప్పు. ఆయన మాత్రం చివరిదాకా సెనేటరుగానే ఉన్నారు. అందువల్ల ‘ఫలానా పార్టీకి మెజారిటీ ఉంది కాబట్టి బిల్లు గట్టెక్కుతుంది’ అని ఎవరైనా రాస్తే, ఆ మాటను సగమే నమ్మండి.

రెండో పని: ఈ నిర్ణయం ఎవరిదని అడగండి

వార్త కనబడగానే అందులో ఏముందని కాకుండా, ముందు అది ఎవరి దగ్గర పుట్టిందని చూడండి. ‘అమెరికా నిర్ణయించింది’ అన్న శీర్షిక వెనక ఉండేది ఈ అయిదింటిలో ఒకటి: కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు, అధ్యక్షుడి ఉత్తర్వు, ఏదో ఒక శాఖ ప్రతిపాదించిన నిబంధన, న్యాయస్థానం తీర్పు, లేదా ఒక రాష్ట్రం చేసుకున్న చట్టం. వీటి ఆయుష్షు వేరు, బలం వేరు, వీటిని ఎదుర్కొనే దారులూ వేరు. నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసాలకు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000 అన్న పరిమితి చట్టంలో ఉన్నది కాబట్టి ఏ అధ్యక్షుడూ ఉత్తర్వుతో ఆ సంఖ్యను పెంచలేడు. వారితోపాటు హెచ్-4 వీసాపై ఉన్న కొందరు జీవిత భాగస్వాములకు పని చేసుకునే అనుమతి మాత్రం చట్టంలో లేదు. 2015లో ఒక శాఖ చేసిన నిబంధన వల్ల వచ్చింది. కాబట్టి దాన్ని తీసేయాలంటే కాంగ్రెస్‌తో పనిలేదు. రెండూ వీసాల సంగతులే అయినా, ఒకటి రాతిమీద చెక్కినది, మరొకటి పలకమీద రాసినది.

మూడో పని: బిల్లయితే దాని పేజీ తెరిచి చూడండి

కాంగ్రెస్ డాట్ గవ్ అనే అధికారిక వెబ్‌సైటు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బిల్లు ప్రతినిధుల సభలో పుడితే దాని సంఖ్యకు ముందు హెచ్.ఆర్. అని, సెనేట్‌లో పుడితే ఎస్. అని ఉంటుంది. ఆ సంఖ్యతో వెతికితే వచ్చే పేజీలో, రైలు స్టేషన్ల పట్టికలాగా ఒక అడ్డపట్టీ కనిపిస్తుంది: ప్రవేశపెట్టారు, ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనేట్ ఆమోదించింది, అధ్యక్షుడికి వెళ్లింది, చట్టమైంది. మీకు వచ్చిన వార్త ఎంత ఆర్భాటంగా ఉన్నా, ఆ పట్టీలో మొదటి గడి దగ్గరే రంగు ఆగిపోయి ఉంటే నిశ్చింతగా భోజనం చేయవచ్చు. ఇటీవలి కాలంలో ప్రతి రెండేళ్లలో పదివేలకు పైగా బిల్లులు పెడుతున్నారు. వాటిలో చట్టాలయ్యేవి కొన్ని వందలు మాత్రమే. చాలా బిల్లులు కమిటీకి వెళ్లి అక్కడే కన్నుమూస్తాయి. వాటిని పెట్టిన సభ్యుడికి కూడా అవి గట్టెక్కుతాయన్న ఆశ ఉండదు. నియోజకవర్గంలో చెప్పుకోవడానికి ఒక మాట కావాలి, అంతే.

రెండేళ్లు అన్న మాటను ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ప్రతినిధుల సభలోని 435 మందికీ రెండేళ్లకొకసారి ఎన్నికలు జరుగుతాయి. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరి చొప్పున వందమంది ఉంటారు, ఒక్కొక్కరికి ఆరేళ్ల పదవీకాలం. రెండేళ్లకొకసారి వారిలో సుమారు మూడో వంతు మంది ఎన్నికలకు వెళతారు. ఒక్కో రెండేళ్ల కాలాన్నీ ఒక కాంగ్రెస్‌గా లెక్కిస్తారు. 119వ కాంగ్రెస్ 2025 జనవరి 3న మొదలైంది. ఆ రెండేళ్లు ముగిసేలోగా చట్టం కాని ప్రతి బిల్లూ రద్దయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవలసిందే.

దీనివల్ల మనవాళ్లకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న నియమాన్ని తొలగించే హెచ్.ఆర్. 1044 అనే బిల్లును, 2019 జూలై 10న ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలూ కలిసివచ్చిన అంత భారీ మెజారిటీని చూసి, ఇక గ్రీన్‌కార్డు చేతికి వచ్చినట్టేనని అనుకున్న తెలుగువారు చాలామంది. కానీ సెనేట్‌లో దానికి జంటగా ఉన్న బిల్లును ఏకగ్రీవంగా ఆమోదింపజేయాలని ప్రయత్నించిన ప్రతిసారీ ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఏకగ్రీవానికి ఒక్క గొంతు అడ్డుపడితే చాలు. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ ఒప్పుకున్నది, అయితే వేరే షరతులు చేర్చిన పాఠాన్ని (బిల్లు రాతను). రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒకే పాఠాన్ని ఆమోదిస్తేనే బిల్లు అధ్యక్షుడి దాకా వెళుతుంది. ఆ రెండు పాఠాలను కలిపే పని పూర్తికాకుండానే 2021 జనవరి 3 వచ్చింది, కాంగ్రెస్ కాలం తీరింది, రెండు సభలూ ‘అవును’ అన్న ఆలోచన కాస్తా చెత్తబుట్టలోకి వెళ్లింది. పంచాయతీలో అందరూ తలూపాక కూడా కాగితం రాసుకోకపోతే ఏమవుతుందో అదే అయింది.

నాలుగో పని: సెనేట్‌లో 60 ఉన్నాయా అని లెక్కపెట్టండి

సెనేట్‌లో మెజారిటీ అంటే 51 అనుకుంటాం. బిల్లుపై చివరి ఓటుకు అది సరిపోతుంది. కానీ చర్చ ముగించి ఆ ఓటు దాకా రావాలంటే 60 మంది ఒప్పుకోవాలి. చర్చ ముగియకుండా అడ్డుకునే ఈ పద్ధతినే ఫిలిబస్టర్ అంటారు. పాత సినిమాల్లో లాగా గంటల తరబడి నిలబడి మాట్లాడే అవసరం ఈనాడు దాదాపు లేదు. అడ్డుకుంటామని తెలియజేస్తే చాలు, బిల్లు పక్కకు వెళుతుంది. రాజ్యాంగంలో లేని, సభ తనకు తాను పెట్టుకున్న ఈ నియమం అమెరికా రాజకీయాల్లో రాజ్యాంగంలోని చాలా అధికరణాలకంటే బలమైనదని నా అభిప్రాయం. పదవులకు నియామకాల విషయంలో మాత్రం దీన్ని సడలించుకున్నారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని ఆమోదించడానికి ఇప్పుడు సాధారణ మెజారిటీ చాలు.

దీనికి ఒక దొడ్డిదారి ఉన్నది. పన్నులు, ఖర్చులకు సంబంధించిన బిల్లును బడ్జెట్ రికన్సిలియేషన్ అనే పద్ధతిలో తెస్తే 51 ఓట్లు చాలు. మొదట చెప్పిన పన్ను ఈ దారినే వచ్చింది. ప్రతినిధుల సభ 2025 మే 22న 215–214 తేడాతో ఆమోదించిన పెద్ద పన్నుల బిల్లులో అది 3.5 శాతం. సెనేట్ దాన్ని మార్చి 1 శాతం చేసింది. అక్కడ ఓట్లు 50–50 కావడంతో, సెనేట్ అధ్యక్ష స్థానంలో ఉండే ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ తన ఓటు వేసి జూలై 1న గట్టెక్కించారు. (మన పత్రికలకు ఆయన ఉష చిలుకూరి భర్తగానే ఎక్కువ పరిచయం. ఉపాధ్యక్షుడికి సెనేట్‌లో ఓటు ఉండేది ఇలా సమానమైనప్పుడే.) పాఠం మారింది కాబట్టి బిల్లు మళ్లీ ప్రతినిధుల సభకు వెళ్లి, జూలై 3న 218–214తో ఆమోదం పొందింది. ఒక్కో గడప దగ్గర ఒక్కో అంకె ఎందుకు కనిపించిందో ఇప్పుడు తెలిసింది కదా.

మరి ఇదే దొడ్డిదారిన వలస సంస్కరణలు ఎందుకు తేలేదు? 2021లో డెమోక్రాట్లు ఆ ప్రయత్నం చేశారు. బడ్జెట్‌తో నేరుగా సంబంధం లేని అంశాలు ఈ పద్ధతిలో చెల్లవన్న నియమాన్ని అన్వయించే అధికారి సెనేట్‌లో ఒకరుంటారు, పార్లమెంటేరియన్ అంటారు. ఆ అధికారి మూడుసార్లు కాదన్నారు. అక్కడితో ఆగిపోయింది.

రెండు సభలూ దాటిన తర్వాత అధ్యక్షుడు వీటో చేయవచ్చు; దాన్ని తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. అలా జరగడం అరుదు.

అయిదో పని: ఉత్తర్వయితే ప్రసంగాన్ని కాదు, పాఠాన్ని చదవండి

అధ్యక్షుడి ఉత్తర్వుకు ఇన్ని గడపలు లేవు, సంతకం పడితే చాలు. అందుకే అది భయపెట్టినంతగా మరేదీ భయపెట్టదు. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం, హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటనపై ట్రంప్ సంతకం చేశారు. ఇంకో రెండు రోజుల్లోనే, 21వ తేదీ నుంచి అమలు. సంతకం వేళ వాణిజ్య మంత్రి మాట్లాడిన తీరు చూస్తే ఏటా కట్టాలనీ, ఇప్పటికే వీసా ఉన్నవారికీ వర్తిస్తుందనీ అనిపించింది. సెలవుకు ఇంటికి వచ్చినవారు ఉన్నపళంగా తిరుగు టికెట్లు కొన్నారు; విమానం ఎక్కి కూర్చున్నవారు దిగిపోయారు. మరునాడు అధ్యక్ష భవనం చెప్పినదేమిటంటే, అది ఒక్కసారి కట్టే రుసుము, కొత్తగా వేసే దరఖాస్తులకే వర్తిస్తుంది, ఇప్పటికే వీసా ఉన్నవారు నిరభ్యంతరంగా వచ్చిపోవచ్చు. ఆ శుక్రవారం రాత్రి టికెట్లకు పోసిన డబ్బు ఎవరూ తిరిగివ్వలేదు.

అధ్యక్ష భవనం వెబ్‌సైటులో పాఠం పెట్టగానే అందులో మూడు చూడండి: ఏ చట్టంలోని ఏ సెక్షను కింద ఈ అధికారం వాడుతున్నారు, ఏ తేదీ నుంచి అమలు, ఎవరికి మినహాయింపు. తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క సంతకంతో దీన్ని తీసేయగలడన్నది కూడా మరచిపోకండి.

శాఖల నిబంధనలది ఇంకో దారి. అవి ముందు ప్రతిపాదనగా ఫెడరల్ రిజిస్టర్ అనే రోజువారీ గెజిట్‌లో వస్తాయి, సాధారణంగా నెల నుంచి రెండు నెలల వరకు ప్రజలు అభిప్రాయాలు రాయవచ్చు, ఆ తర్వాతే తుది నిబంధన. పౌరసత్వం లేకపోయినా రాయవచ్చు. హెచ్-4 పని అనుమతిని తీసేస్తామని ట్రంప్ మొదటి ప్రభుత్వం 2017 నుంచి అంటూ వచ్చింది. నాలుగేళ్లపాటు ‘హెచ్-4 రద్దు’ అన్న శీర్షికలు వస్తూనే ఉన్నాయి, ఎన్నో కుటుంబాలు ఇల్లు కొనడం వాయిదా వేసుకున్నాయి. ఆ ప్రతిపాదన ఒక్కసారి కూడా ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చుకాలేదు. 2021 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చాక దాన్ని ఉపసంహరించారు. గెజిట్‌లో అచ్చుకానిదాన్ని ఉద్దేశం అనాలి గానీ నిర్ణయం అనకూడదు.

ఆరో పని: న్యాయస్థానం ఆపిందా అని చూడండి

అమెరికాలో 94 జిల్లా ఫెడరల్ న్యాయస్థానాలు, వాటిపైన 13 అప్పీలు న్యాయస్థానాలు, అన్నింటికీ పైన తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ఉన్నాయి. ఆ తొమ్మిదిమందికి పదవీ విరమణ వయసు లేదు. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లలకు పౌరసత్వం ఇవ్వబోమన్న ఉత్తర్వుపై ట్రంప్ 2025 జనవరి 20న సంతకం చేస్తే, జనవరి 23న సియాటిల్‌లోని ఒక జిల్లా న్యాయమూర్తి దాన్ని తాత్కాలికంగా నిలిపివేశారు. అమలు తేదీ ఫిబ్రవరిలో ఉండడంతో, ఆలోపు సిజేరియన్ చేయించుకోవచ్చా అని వైద్యులను అడిగిన గర్భిణుల గురించి అప్పట్లో వార్తలు వచ్చాయి. ఒక్క జిల్లా న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించేలా ఆపే అధికారాన్ని అదే ఏడాది జూన్ 27న సుప్రీంకోర్టు కుదించింది. కనుక ఇప్పుడు ‘కోర్టు స్టే’ అన్న వార్త చూస్తే, ఆ స్టే ఎవరికి, ఏ రాష్ట్రాలకు అని కూడా అడగాలి.

మధ్యలో షట్‌డౌన్ అన్న మాట వస్తే కంగారు పడకండి. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా ఖర్చుల బిల్లులు ఆమోదం పొందకపోతే శాఖలు మూతపడతాయి, ప్రభుత్వం మాత్రం పడిపోదు. 2025లో అది 43 రోజులు సాగింది. వీసా దరఖాస్తులు చూసే శాఖ రుసుములతో నడుస్తుంది కాబట్టి అక్కడ పని సాగింది. హెచ్-1బీకి ముందుగా కావలసిన ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితులపై యజమాని ఇచ్చే హామీ పత్రానికి ఆమోదం) ఇచ్చే కార్మిక శాఖలో మాత్రం అక్టోబరు చివరి దాకా ఆగింది.

అక్కడే ఉంటున్నవారికి కొన్ని పనులు

మీరు అమెరికాలోనే ఉంటే, రోజువారీ జీవితంలో వాషింగ్టన్ కంటే మీ రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), స్కూల్ బోర్డు మీకు దగ్గరివి. డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్రానిది. ఇంటి పన్ను స్థానికం, దానితోనే చాలాచోట్ల బడులు నడుస్తాయి. స్కూల్ బోర్డు సభ్యుల్ని, కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫును, చాలా రాష్ట్రాల్లో న్యాయమూర్తుల్ని కూడా ఎన్నికల్లోనే ఎన్నుకుంటారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు అయ్యే ముందు, అదే రాష్ట్రంలో ఒక కౌంటీ రవాణా విభాగంలో ఇంజనీరు.

మీ దరఖాస్తు ఎక్కడో నెలల తరబడి ఇరుక్కుపోతే, మీ ప్రాంతపు ప్రతినిధుల సభ సభ్యుడి స్థానిక కార్యాలయానికి వెళ్లండి. హౌస్ డాట్ గవ్‌లో మీ జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఇస్తే ఆ సభ్యుడు ఎవరో తెలుస్తుంది. శాఖ వద్ద ఉన్న మీ వివరాలు చూడడానికి అనుమతినిస్తూ ఒక పత్రంపై సంతకం చేయించుకుని, మీ తరఫున ఆ శాఖకు రాస్తారు. దీనికి మీరు ఓటరు కానక్కరలేదు, ఆ సభ్యుడి పార్టీ అభిమాని అంతకన్నా కానక్కరలేదు. నిర్ణయాన్ని మార్చలేరు గానీ, ఫైలును కదిలించగలరు. మనవాళ్లు ఈ సౌకర్యాన్ని వాడుకోవలసినంతగా వాడుకోరు. ఎమ్మెల్యే ఇంటి ముందు తెల్లవారుజామునే నిలబడిన అలవాటున్నవారు ఇక్కడ ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు.

పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు ఏ స్థాయి ఎన్నికల అభ్యర్థికీ విరాళం ఇవ్వకూడదు. తెలుగు అభ్యర్థి కోసం జరిగే విందులో టికెట్టు కొనడం కూడా విరాళమే కావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వవచ్చు గానీ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయకూడదు. ఇక్కడ జారడానికి అనువైన చోటు డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయం. లైసెన్సు ఫారంలోనే ఓటరుగా నమోదు చేయమంటారా అన్న ప్రశ్న ఉంటుంది, పక్కనే ‘నేను అమెరికా పౌరుణ్ణి’ అన్న గడి. వెనక వరస పొడుగ్గా ఉన్నదనో, కౌంటరులోని మనిషి తొందరపెడుతున్నాడనో చదవకుండా ఆ గడిలో టిక్కు పెడితే, తర్వాత పౌరసత్వ దరఖాస్తు దగ్గర అది పైకి వస్తుంది. ఓటు కూడా వేసి ఉంటే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కాగలదు. సంతకానికి ముందు ఆ రెండు ప్రశ్నలకు మీ సమాధానాలు ఏమని నమోదయ్యాయో తెరమీద చూపించమని అడగండి. చూపిస్తారు.